సౌర కుటుంబం మోడల్ చేస్తున్నారా? ముందు ఈ లెక్క చూడండి

పిల్లల సైన్స్ ఫెయిర్‌కి ఈ మోడల్ చేసేవాళ్ళు కోట్ల కిలోమీటర్లు పట్టుకుని సున్నాల దగ్గర తికమకపడుతుంటారు, ఆ కష్టమే అక్కర్లేదు. సూర్యుడి నుంచి భూమికి ఉన్న దూరం సూర్యుడి వ్యాసానికి సుమారు 107 రెట్లు. జపమాల పూసలకి ఒకటి తక్కువ అని గుర్తుపెట్టుకోండి.

సూర్యుడిగా 21 సెంటీమీటర్ల వాలీబాల్ పెట్టారనుకోండి, భూమి 22.5 మీటర్ల దూరంలో ఉండాలి. మిగతా గ్రహాలకి ఈ 22.5నే గుణించండి: బుధుడికి 0.39, శుక్రుడికి 0.72, కుజుడికి 1.52, గురుడికి 5.2, శనికి 9.58, యురేనస్‌కి 19.2, నెప్ట్యూన్‌కి 30. అంటే గురుడు 117 మీటర్లు, శని దాదాపు 215, నెప్ట్యూన్ అయితే 675 మీటర్లు, స్కూల్ గేటు దాటి వీధి చివరిదాకా నడవాల్సిందే!

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఇవన్నీ సూర్యుడి నుంచి కొలిచినవి, ముందు గ్రహం నుంచి కాదు. గురుడి దగ్గర నిలబడి శని ఎంత దూరమో కావాలంటే 215లోంచి 117 తీసేయండి, 98 మీటర్లు (అన్నీ ఒకే వరుసలో పెడితేనే, నిజంగా అవి తిరుగుతూ తలోచోట ఉంటాయి కదా).

ఈ కొలతలో భూమి ఆవగింజంత, చందమామ దానికి 6 సెంటీమీటర్ల దూరంలో. గురుడు 2 సెంటీమీటర్ల గోళీ. దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ మాత్రం 6,000 కిలోమీటర్ల అవతల. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి, వాళ్ళ కళ్ళు ఎంత పెద్దవవుతాయో చూడాలి.