ధూళి సేకరణ యంత్రాలు – మూడవ పాఠం: బ్యాగ్ ఫిల్టర్ లోపల ఏముంటుంది?

దుమ్ము లేచే చోట అమర్చే హుడ్ గురించి, అక్కడి నుంచి గాలిని తీసుకువచ్చే డక్ట్ గురించి గత రెండు పాఠాలలో తెలుసుకున్నాము. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా తాలూకాల సిమెంట్ కర్మాగారాలలో పనిచేస్తున్న మనవారికి రోజూ ఎదురయ్యేది పల్స్ జెట్ బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచులతో గాలిలోని దుమ్మును వడకట్టి, గాలి దెబ్బలతో ఆ సంచులను దులుపుకునే యంత్రం) కనుక, ఈ పాఠాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ముందుగా గాలి నడిచే దారిని మనసులో పెట్టుకోవాలి. దుమ్ముతో కూడిన గాలి సాధారణంగా హాపర్ (యంత్రం అడుగున దుమ్ము రాలే గరాటు లాంటి తొట్టి) పై భాగంలో ప్రవేశించి, అడ్డుపలకకు తగిలి వేగం కోల్పోతుంది. బరువైన రేణువులు అక్కడే కిందికి రాలిపోతాయి. సన్నని దుమ్ము గాలితోపాటు పైకి లేచి బ్యాగుల బయటి ముఖం మీద నిలిచిపోగా, శుభ్రమైన గాలి గుడ్డ గుండా లోపలికి చేరి, బ్యాగులు వేలాడే ట్యూబ్ షీట్ అనే పలక రంధ్రాల నుంచి పై గదిలోకి, అక్కడి నుంచి ఫ్యాన్ ద్వారా చిమ్నీకి వెళుతుంది.

గాలి బయటి నుంచి లోపలికి లాగుతుంది కాబట్టే, బ్యాగ్ ముడుచుకుపోకుండా దాని లోపల తీగల కేజ్ ఉంటుంది. కొత్త బ్యాగ్ తొడిగే ముందు కేజ్ పొడవునా దూది వేస్టును నెమ్మదిగా రుద్ది చూడండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ వెల్డింగ్ ఊడిందనో, తుప్పు లేచిందనో అర్థం. ఆ మొనే రేపు బ్యాగును చింపుతుంది.

చాలామంది గ్రహించని విషయం ఒకటుంది. సన్నని దుమ్మును ఆపేది గుడ్డ ఒక్కటే కాదు, గుడ్డ మీద పేరుకున్న పలుచని దుమ్ము పొర కూడా. ఆ పొర ఏర్పడేదాకా కొత్త బ్యాగు నుంచి కొంత దుమ్ము జారిపోతూనే ఉంటుంది. అందువల్ల బ్యాగులను దులపడం ఎంత అవసరమో, అతిగా దులపకపోవడమూ అంతే అవసరం.

దులిపే పని కంప్రెస్డ్ ఎయిర్‌ది. హెడర్ అనే గాలి ట్యాంకులో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 6 కిలోల ఒత్తిడితో గాలి నిలువ ఉంటుంది. టైమర్ ఆదేశంతో సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) పనిచేయగానే డయాఫ్రమ్ (వంగే పొర) ఉన్న వాల్వ్ సెకనులో పదో వంతు కాలం తెరుచుకుని, బ్యాగుల పైన ఉండే బ్లో పైపు రంధ్రాల నుంచి ఒక వరుస బ్యాగులలోకి గాలిని కొడుతుంది. ఆ దెబ్బకు బ్యాగ్ ఒక్కసారి ఉబ్బి, మీది పొర హాపర్‌లోకి రాలుతుంది. యంత్రం పక్కన నిలబడి చెవి పెడితే వరుసగా ‘ఠప్, ఠప్’ మని వినబడాలి. ఏదో ఒక వాల్వ్ వద్ద ఆగకుండా ‘బుస్స్’ మని వినబడితే డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు. బ్లో పైపు రంధ్రం బ్యాగు మధ్యకు సూటిగా లేకపోతే గాలి దెబ్బ పక్కకు తగిలి, బ్యాగు పై అంచుకు కాస్త కింద చిల్లు పడుతుంది.

ఇదంతా సరిగా జరుగుతున్నదీ లేనిదీ డీపీ గేజ్ (ఒత్తిడి తేడాను చూపే మీటరు) చెబుతుంది. ట్యూబ్ షీట్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా చాలా ఫిల్టర్లలో 100 నుంచి 150 మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. అది పెరుగుతూ పోతే దులపడం సాగడం లేదని, హఠాత్తుగా పడిపోతే బ్యాగ్ చిరిగిందని అనుమానించాలి. అయితే అంతకుముందు గేజ్ గొట్టంలో దుమ్ము అడ్డుపడిందేమో చూడాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది హాపర్ అని నా అభిప్రాయం. హాపర్ దుమ్మును నిలువ చేసే గిడ్డంగి కాదు, దాటించే దారి మాత్రమే. దుమ్ము గాలి ప్రవేశించే ఎత్తుకు చేరితే, వచ్చే గాలి దాన్ని మళ్లీ ఎత్తి బ్యాగులకు కొట్టి అరగదీస్తుంది. కింద ఉండే రోటరీ ఎయిర్‌లాక్ (బయటి గాలి దూరకుండా దుమ్మును కిందికి వదిలే, తిరిగే రెక్కల వాల్వ్) రెక్కలు అరిగినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే లోపల ఒత్తిడి తక్కువగా ఉండడంతో బయటి గాలి పైకి దూరి దుమ్మును రాలనివ్వదు. వానాకాలంలో ఆ గాలితో తేమ కూడా వచ్చి సిమెంట్ దుమ్ము హాపర్ గోడలకు పట్టి గట్టిపడుతుంది. అప్పుడు సుత్తితో బాదడం అలవాటుగా మారింది. కానీ పడిన ప్రతి సొట్ట దుమ్ము నిలవడానికి కొత్త చోటవుతుంది. ఫ్యాన్‌ను, ఎయిర్‌లాక్‌ను ఆపి, కరెంటుకు తాళం వేయకుండా హాపర్ తలుపు తెరవవద్దు. వేడి దుమ్ము నీటిలా దూసుకువచ్చి ఒళ్లు కాలుస్తుంది.

వచ్చే పాఠంలోపు మీ షిఫ్టులో డీపీ ఎంత ఉందో రాసుకోండి. ఒక పూర్తి చుట్టులో ఎన్ని శబ్దాలు వినబడ్డాయో లెక్కపెట్టి, వాల్వుల సంఖ్యతో సరిపోల్చండి. తేడా వస్తే ఏ వాల్వ్ మూగబోయిందో కనిపెట్టే పద్ధతితోనే నాలుగవ పాఠం మొదలవుతుంది.