ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ., పీహెచ్‌డీ ఎలా చేయాలి?

చరిత్రలో పీజీ చేస్తానని ఇంట్లో చెబితే వెంటనే వచ్చే మాట, "చేసి?" దానికి జవాబు వెతుక్కుంటూనే కొందరు దరఖాస్తు గడువు దాటబెట్టుకుంటారు. క్యాంపస్‌లో హాస్టలు, గ్రంథాలయం దొరుకుతాయి, గ్రూప్-1కి చదువుకోవచ్చు అనే లెక్కతో చేరేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. మా తరగతిలో సగం మంది అలా వచ్చినవాళ్లే, వాళ్లలో కొందరు నాకంటే బాగా చదివారు. ఈ వ్యాసం మాత్రం ఎం.ఏ.తో ఆగకుండా పరిశోధన దాకా వెళ్లాలనుకునేవారి కోసం. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి, ఇంట్లో దారి చెప్పేవాళ్లు లేనివారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

సీటు, నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హత పరీక్ష), గైడు అంటూ అందరూ ఈ మూడింటి గురించే బెంగపడతారు. నేను చూసినంతలో చాలామంది పని కుంటుపడింది వేరే చోట. తమకు కావలసిన కాగితం ఎదురుగా ఉన్నా చదవలేకపోయారు. ఏ భాషలో, ఏ లిపిలో ఉన్న కాగితాలు చదవగలరో దాన్నిబట్టే మీరు ఏ అంశం మీద పని చేయగలరో తేలుతుంది. ఆ సంగతి పీహెచ్‌డీలో చేరాక తెలిస్తే ఆలస్యమే.

1. ప్రవేశ పరీక్ష రాయండి

తెలంగాణలో సీపీగెట్ ఉంది. ఉస్మానియా నిర్వహించే ఈ ఒక్క పరీక్షతో ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన విశ్వవిద్యాలయాల్లో సీట్లు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఏపీ పీజీసెట్ జరుగుతోంది. రెండింటిలోనూ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకండి. ఏపీలో చరిత్రకు విడిగా కాకుండా ఇతర సామాజిక శాస్త్రాలతో కలిపి ఉమ్మడి పేపరు ఉంటుంది కనుక అది దృష్టిలో పెట్టుకుని చదవాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ)లో చేరాలంటే సీయూఈటీ పీజీ రాయాలి. 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు పోతుంది. చరిత్ర ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో చదివినవాళ్లు పారిభాషిక పదాల ఇంగ్లీషు రూపాలు రాసిపెట్టుకోవడం తప్పనిసరి. 'అగ్రహారం' అంటే అందరికీ తెలుసు, 'భూమి శిస్తు'ను ఇంగ్లీషులో 'ల్యాండ్ రెవెన్యూ' అంటారన్న దగ్గర తడబడతారు.

డిగ్రీలో చరిత్ర చదవనివారికీ చాలాచోట్ల అవకాశం ఉంది. బీకాం చేసి వచ్చిన మిత్రుడొకరు మా అందరికంటే బాగా రాణించాడు. అర్హతల పట్టిక మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్లు చెప్పినదాన్ని నమ్ముకోకండి.

ధ్రువపత్రాల దగ్గర ఒక జాగ్రత్త. రాష్ట్ర ప్రవేశాలకు పనికొచ్చే బీసీ పత్రం కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చెల్లదు. అక్కడ కేంద్ర నమూనాలో, సంపన్న శ్రేణి (క్రీమీలేయర్)కి చెందరని రాసిన ఓబీసీ పత్రం కావాలి. మొదటిసారి నేను రాష్ట్ర పత్రమే పట్టుకువెళ్లి, సీటు చేతికందే రోజున మళ్లీ మీసేవ చుట్టూ తిరిగాను. ఫలితాలు రాకముందే రెండు పత్రాలూ తీసి పెట్టుకోండి.

2. విశ్వవిద్యాలయం ఎంచుకునేటప్పుడు

పేరు చూసి ఎంచుకోవడం అందరూ చేసేదే. దానికి తోడు రెండు విషయాలు చూడండి. అక్కడి అధ్యాపకులు ఏ కాలం మీద పని చేశారు? మీకు కావలసిన కాగితాలు ఆ ఊరికి ఎంత దూరంలో ఉన్నాయి?

1918లో మొదలైన ఉస్మానియాకు ఒక సౌకర్యం ఉంది. తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ పక్కనే తార్నాకలో ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు, అసఫ్‌జాహీల దస్త్రాలు అక్కడే. నిజాం కాలం మీద పని చేయాలనుకునేవాడు మరో ఊరు వెతుక్కోనక్కర్లేదు. తిరుపతిలో 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మధ్యయుగ ఆలయ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి అనువైనది. కొండ మీది శాసనాలను దేవస్థానం సంపుటాలుగా అచ్చు వేయించింది కూడా. 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉంది. ఉత్తరాంధ్ర జమీందారీలు, ఏజెన్సీ ప్రాంతం, రేవుపట్టణాల మీద పని చేసేవారికి అదే దగ్గర.

బోధన మాధ్యమం సంగతి చేరేముందే విభాగంలో అడగండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల పరీక్ష తెలుగులో రాయనిస్తారు. హెచ్‌సీయూలో అంతా ఇంగ్లీషే. స్కాలర్‌షిప్‌కు తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైటులో గడువులోగా నమోదు చేసుకోండి.

3. ఎం.ఏ. రెండేళ్లలో అసలు నేర్చుకోవలసినది

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

సిలబస్ ఎటూ చదువుతారు, మార్కులూ తెచ్చుకోవాలి. నెట్‌కు, పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం కావాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. ఒకటి రెండు మార్కులు తగ్గి ఏళ్ల తరబడి ఇంప్రూవ్‌మెంటు పరీక్షలు రాసినవాళ్లను చూశాను.

సిలబస్‌లో లేనిది కాగితం చదవడం. మీకు ఇష్టమైన కాలం ఏదో మొదటి సెమిస్టరులోనే ఉజ్జాయింపుగా అనుకుని, దానికి తగిన ఒక్క నైపుణ్యం మొదలుపెట్టండి. కాకతీయులు, రెడ్డి రాజులు అంటారా, పాత తెలుగు లిపి, కొంత సంస్కృతం. నిజాం రాజ్యమా, ఉర్దూ. 1880లకు వెనక్కి వెళితే ఫార్సీ, ఎందుకంటే అప్పటిదాకా సర్కారు రాతకోతలు అందులోనే నడిచాయి. కంపెనీ పాలన అయితే ఇంగ్లీషు చేతిరాత. పల్లె లెక్కలు, కైఫీయతుల (ఊళ్ల స్థానిక చరిత్రలు) జోలికి వెళితే కరణాల గొలుసుకట్టు. అది మన తెలుగే, అయినా కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయిన ఆ రాత ముందు తెలుగు పండితుడు కూడా కాసేపు నోరు వెళ్లబెడతాడు. రోజుకు అరపేజీ చొప్పున చదివితే మూడు నాలుగు నెలలకు కన్ను అలవాటు పడుతుంది. అడ్డదారి ఉంటే నాకు తెలియలేదు.

తేదీలూ అంతే. శాసనంలో శకవర్షం 1166 అని ఉంటే 78 కలపాలి, 1244 వస్తుంది. సముద్ర వర్తకులకు గణపతిదేవుడు మోటుపల్లిలో ఇచ్చిన అభయ శాసనం ఆ ఏటిదే. ఆ సంవత్సరం పేరు క్రోధి. 2024 ఉగాదికి వచ్చిందీ క్రోధే. 60 ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి పేరు ఒక్కటే పట్టుకుని కాలం తేల్చకూడదు.

రెవెన్యూ లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం ఇంకా గమ్మత్తు. 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది, 1357 ఫసలీ 1947లో మొదలైంది. అయితే మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మారేది, హైదరాబాద్ రాజ్యంలో అక్టోబరు మొదట్లో. 1948 ఆగస్టు నాటి సంగతి బెజవాడ రెవెన్యూ కాగితంలో 1358 ఫసలీ కింద, నల్లగొండ కాగితంలో 1357 కింద ఉంటుంది. సరిహద్దు ఊళ్ల మీద పని చేసేవాళ్లు ఇది గోడకు రాసిపెట్టుకోవాలి.

4. నెట్, జేఆర్ఎఫ్

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. మొదటి పేపరులో 50 ప్రశ్నలు, చరిత్ర పేపరులో 100, కలిపి 3 గంటలు. ఇక్కడా నెగెటివ్ మార్కులు లేవు, ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. ఎం.ఏ. రెండో ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. 2024 జూన్ నుంచి ఫలితాలు మూడు వర్గాలుగా వస్తున్నాయి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పీహెచ్‌డీ ప్రవేశం రెండు, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం మూడు. చివరి రెండు వర్గాలకు నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ మార్కులు ఏడాది వరకే చెల్లుతాయి.

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు 5 ఏళ్ల సడలింపు. ఈ డబ్బు లేకుండా పరిశోధన చేయలేమా అంటే చేయవచ్చు, చేసినవాళ్లున్నారు. కానీ చెన్నైలో నెలరోజులు గది తీసుకోవాలంటే దాని విలువ తెలుస్తుంది. ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా పడుతుంది, చేతిలో కొంత ఉంచుకునే మొదలుపెట్టండి.

5. అంశాన్ని చిన్నది చేయండి

ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు తెచ్చే అంశాలు ఎక్కువగా ఇలా ఉంటాయి: "ఆంధ్రదేశంలో కరువులు". ఇది పదిమంది జీవితకాలానికి సరిపడే పని. మా మిత్రుడొకడు దీనితోనే వెళ్లాడు. కమిటీలో ఒకరు "ఏ కరువు నాయనా?" అని అడిగితే అన్నీ అన్నాడట.

ఆ తర్వాత కుదించుకున్నాడు. 1832–33లో వచ్చిన కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు, ఆ సంవత్సరం పేరు నందన కనుక. గుంటూరు జిల్లా దాదాపు తుడిచిపెట్టుకుపోయిన కరువు అది. ఆ ఒక్క కరువు, ఆ ఒక్క జిల్లా, అందులోనూ ధాన్యం ఎటునుంచి ఎటు కదిలింది, ధర ఎవరు నిర్ణయించారు అన్న ఒక్క ప్రశ్న. అప్పుడు ఏ కాగితాలు చూడాలో దానంతటదే తేలింది.

మీ అంశానికి మూడు పరీక్షలు పెట్టుకోండి. ఒక్క వాక్యంలో ప్రశ్నగా చెప్పగలరా? దానికి జవాబిచ్చే కాగితాలు ఎక్కడున్నాయో పేరుపెట్టి చెప్పగలరా? ఇంతకుముందే ఎవరైనా చేశారా? మూడోదానికి శోధ్‌గంగ వెబ్‌సైటులో వెతకండి, దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో అక్కడ ఉచితంగా చదవవచ్చు. మీ అంశం మీద ఉంటే నిరాశ పడకండి, దాని చివర ఉన్న మూలాల పట్టిక మీకు ఆరు నెలల శ్రమ తగ్గిస్తుంది.

గైడు విషయంలో ఎంత పేరున్నవారు అనేదానికంటే ఎందరు విద్యార్థులున్నారు, పదవీ విరమణ ఎప్పుడు అనేవి చూడండి. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 వరకే ఉండవచ్చు. వారి పాత విద్యార్థి ఒకరితో టీ తాగితే, ఏ వెబ్‌సైటులోనూ లేని సంగతులు తెలుస్తాయి.

6. ఆర్కైవ్స్‌కు వెళ్లే ముందు

విభాగాధిపతి సంతకంతో పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, రెండు పెన్సిళ్లు. సిరా కలం లోపలికి రానివ్వరు. నేను మొదటిరోజు పెన్ను పట్టుకెళితే అటెండరు తాత తన జేబులోంచి బెత్తెడు పెన్సిలు ముక్క తీసిచ్చాడు. ముందు కేటలాగు చూసి, సంపుటం నంబరు చీటీ మీద రాసి ఇవ్వాలి. కట్ట రావడానికి గంట పట్టవచ్చు, మర్నాటికి రమ్మనవచ్చు. ఫొటోల అనుమతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అడిగి తీరాలి.

నందన కరువునే తీసుకుంటే, మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆంధ్ర జిల్లాల రికార్డుల్లో కొన్ని తర్వాత హైదరాబాదుకు తరలాయి. రెండు ఊళ్లూ తిరగక తప్పదు. ఆ మిత్రుడికి కలెక్టరు ఉత్తరాల్లో ధాన్యం 'క్యాండీ'ల్లో, తెలుగు అర్జీల్లో పుట్లలో కనబడింది. రెండూ వేర్వేరు కొలతలనుకుని ఒక అధ్యాయమంతా లెక్కలు కట్టాడు. తీరా చూస్తే క్యాండీ అంటే మన పుట్టే, 20 తూములు. పల్లెటూరి నుంచి వచ్చిన వాళ్ల నాన్న ఆ పట్టిక చూసి, "పుట్టినే పుట్టిలోకి మార్చావేమిరా?" అన్నాడు. ఆ అధ్యాయం మళ్లీ రాయవలసి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దమైతే పాత పత్రికలు గని లాంటివి. వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూర్చుంటే రోజు తెలియదు. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన సంచికలు ఇంటినుంచే చూడవచ్చు.

ప్రతి నోటు పైన ఆర్కైవ్స్ పేరు, సంపుటం నంబరు, పేజీ, తేదీ ఆ క్షణమే రాయండి. తర్వాత రాద్దామనుకున్న పేజీ నంబరు కోసం రాత్రి రైలెక్కి మళ్లీ చెన్నై వెళ్లినవాణ్ణి నేను.

7. రాయడం, సమర్పించడం

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్లు, ఆపైన 2 ఏళ్ల పొడిగింపు అడగవచ్చు. మహిళలకు, వికలాంగులకు మరో 2 ఏళ్లు. ఎం.ఫిల్. ఎత్తేశారు. చేరగానే కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ (తరగతులు, పరీక్షలు) ఉంటుంది. సమర్పణకు ముందు పరిశోధన వ్యాసం అచ్చుకావాలన్న నిర్బంధం యూజీసీ తీసేసింది గానీ విశ్వవిద్యాలయానికి సొంత నియమం ఉందేమో కనుక్కోండి. వ్యాసం ఎటూ రాయండి, హిస్టరీ కాంగ్రెస్ సమావేశాల్లో చదివి నలుగురి చేత తిట్లు తినండి.

సేకరణ పూర్తయ్యాక రాద్దామనుకుంటే ఎప్పటికీ పూర్తికాదు. రెండో ఏడాదిలోనే ఒక అధ్యాయం గైడు చేతిలో పెట్టండి, బాగా కాగితాలు దొరికిన అధ్యాయంతో మొదలుపెట్టండి, ఉపోద్ఘాతం చివర్న. గ్రంథాన్ని బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదువుతారు, తర్వాత వైవా, అంటే మౌఖిక పరీక్ష. వైవాకు మీ ప్రతిలో ముఖ్యమైన పట్టికల దగ్గర చీటీలు పెట్టుకుని వెళ్లండి. మా మిత్రుణ్ణి పరీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న, గుంటూరు పుట్టీ బందరు పుట్టీ ఒకటేనా అని. ఈసారి వాడి దగ్గర చీటీ ఉంది.