ఆన్‌లైన్ ఓటీలో మేడమ్ చేతులు మనవే

మాది పార్వతీపురం. మా బాబుకి నాలుగున్నరేళ్లప్పుడు ఓటీ, అంటే రోజువారీ పనులు తనే చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మొదలుపెట్టాం. అప్పటికి వాడికి పెన్సిల్ పట్టు కుదిరేది కాదు, గుండీ పెట్టుకోవడం వచ్చేది కాదు, కుర్చీలో రెండు నిమిషాలు కూర్చుంటే పక్కకి వాలిపోయేవాడు. వారం వారం విశాఖ వెళ్లి రావాలంటే రోజంతా ప్రయాణానికే సరిపోయేది. అక్కడికి చేరేసరికే వాడు అలసిపోయి ఏమీ చేసేవాడు కాదు. అందుకని నెలకోసారి నేరుగా వెళ్లేలా, మిగతా వారాలు వీడియో కాల్‌లో చేసేలా థెరపిస్టు మేడమ్‌తో మాట్లాడుకున్నాం. ఏడాదిన్నర అయింది. కొత్తగా మొదలుపెడుతున్న అమ్మానాన్నలకు పనికొస్తుందని రాస్తున్నాను.

సెంటర్‌లో అయితే మేడమ్ పిల్లాడి మణికట్టు పట్టుకుని చూస్తారు, నడుము దగ్గర చెయ్యి ఆనిస్తారు. ఫోన్‌లో ఆ పని మనమే చెయ్యాలి. పిల్లాణ్ణి ఫోన్ ముందు కూర్చోబెట్టి మనం వంటింట్లోకి వెళ్లిపోతే ఆ సెషన్ వృథా. అలాగని మనమే అన్నీ చేసిపెట్టకూడదు. మొదటి నెలంతా నేను పక్కన కూర్చుని "చెయ్యి నాన్నా, మేడమ్ చూస్తున్నారు" అని తొందరపెట్టేదాన్ని, వాడు ఆగితే నేనే చేసేసేదాన్ని. ఒకరోజు మేడమ్ మెల్లగా చెప్పారు: "అమ్మా, మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ చెయ్యకపోతే నన్నడగండి." పది లెక్కపెట్టడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఏడో ఎనిమిదో అంకె దగ్గర వాడి చెయ్యి దానంతటదే కదలడం ఆ తర్వాత ఎన్నోసార్లు చూశాను.

ఫోన్ ఎక్కడ పెట్టాలో సెషన్‌కి ముందే చూసుకోండి. మేడమ్‌కి వాడి వేళ్లు, మోచెయ్యి, నడుము, పాదాలు కనబడాలి. ఎదురుగా పెడితే ముఖమొక్కటే కనబడుతుంది. మేము ఫోన్ అడ్డంగా తిప్పి, స్టూలు మీద బియ్యం డబ్బాకి ఆనించి, వాడికి కాస్త పక్కగా పెడతాం. కూర్చున్నప్పుడు కాళ్లు గాల్లో వేలాడకూడదు. పాదాల కింద ముక్కాలి పీట వేసిన రోజే మా వాడు పక్కకి వాలడం సగం తగ్గింది. కాళ్లకి ఆధారం లేకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే వేళ్లు పనిచెయ్యవు అని మేడమ్ అప్పుడు వివరించారు.

మాకు ఇంకో చిక్కు వచ్చింది. కార్టూన్లు చూసే ఫోన్‌లోనే సెషన్ పెట్టాం. వాడు ఫోన్ లాక్కుని ఒకటే ఏడుపు. ఇప్పుడు మావారి ఫోన్ వాడుతున్నాం, దాంట్లో వీడియోలు చూపించం. స్క్రీన్ వాడి వైపు ఉండదు కూడా. మేడమ్ మాట నా ఇయర్‌ఫోన్‌లో వింటాను, వాడికి మా ఇంటి మాటల్లో నేను చెప్తాను. పిల్లలందరికీ ఇది నప్పుతుందని అనను. థెరపిస్టు ముఖం చూస్తేనే హుషారుగా చేసే పిల్లలూ ఉంటారు.

సెషన్‌కి ముందు పది నిమిషాలు ఒళ్లు కష్టపడే పని చేయించమన్నారు. మా వాడు రెండు లీటర్ల నీళ్ల సీసా పెరట్లోకి మోస్తాడు, గోడని రెండు చేతులతో తోస్తాడు, కప్పగంతులు వేస్తాడు. ఆ తర్వాత కుదురుగా కూర్చుంటాడు. నిద్ర లేవగానే, ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రం సెషన్ పెట్టకండి. ఊపడం, గుండ్రంగా తిప్పడం లాంటివి థెరపిస్టుని అడగకుండా సొంతంగా చెయ్యకండి. ఫిట్స్ వచ్చే పిల్లలైతే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి.

సామాన్లు కొనక్కర్లేదు. చపాతీ పిండి ముద్ద, బట్టల క్లిప్పులు, ఒలవడానికి పల్లీకాయలు, చింతగింజలు చాలు. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలకి మాత్రం గింజలు ఇవ్వకండి. మాకు బాగా పనికొచ్చింది అంగుళం పొడవు సుద్దముక్క. అంత చిన్న ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ముందుకొస్తాయి. పలకని గోడకి ఆనించి నిలబడి గీయిస్తే మణికట్టు కూడా సరైన వంపులో ఉంటుంది.

థెరపిస్టు "మీకేం కావాలి" అని అడిగినప్పుడు "ఏకాగ్రత పెరగాలండీ" అంటే ఆమెకి ఏం చెయ్యాలో తోచదు. నేను "బడి చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలి, అన్నం తనే కలుపుకుని తినాలి" అన్నాను. గుండీల పని చివరి నుంచి మొదలుపెట్టించారు: గుండీని కాజాలోంచి నేను సగం దూర్చి ఉంచాలి, మిగతా సగం వాడు లాగాలి. అది వచ్చాక నా వాటా కొంచెం కొంచెం తగ్గించాలి. ప్రతిసారీ పని వాడి చేత్తోనే పూర్తవుతుంది కాబట్టి వాడి ముఖం వెలిగిపోయేది.

అన్నం దగ్గర మా అత్తయ్య ఒప్పుకోలేదు. "పసివాడు, నేను కలిపి పెడతాను" అనేవారు. ఆవిడది ప్రేమే. ఒక సెషన్‌లో ఆవిడని కూడా కూర్చోమన్నాను. మేడమ్ ఆవిడతో నేరుగా మాట్లాడి, మొదటి నాలుగు ముద్దలు వాడివి, తర్వాతివి మీవి అని ఒప్పించారు. పిల్లాణ్ణి చూసుకునేవాళ్లందరూ ఒక్కసారైనా సెషన్‌లో ఉండాలి.

పిల్లాడు మారాం చేసేదీ, తిననిదీ, కింద పడేదీ సెషన్ టైముకి జరగదు. జరిగినప్పుడే రెండు నిమిషాల వీడియో తీసి, సెషన్‌కి ముందురోజు పంపండి. మా మేడమ్ ఆ వీడియోలు చూసే ఎన్నో మార్చారు. సెషన్ చివర "ఈ వారం ఇంట్లో రెండు పనులే చెప్పండి" అని అడగండి. మేము వాటిని కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటిస్తాం. స్నానానికి ముందు ఒకటి, సాయంత్రం ఒకటి, మొత్తం పావుగంట. కరెంటు పోయి కాల్ తెగిపోతే ఆ రెండు పనులతోనే సెషన్ ముగిస్తాం.

చెయ్యి బిగుసుకుపోయే పిల్లలకి, మింగడం కష్టమై పొలమారే పిల్లలకి ఆన్‌లైన్ ఒక్కటే చాలదు, చేత్తో పట్టి చూడాలి. మొదటి పరీక్ష కూడా నేరుగా చేయించడమే మంచిది. డబ్బుకి ఇబ్బందైతే జిల్లాలో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించి సాయం చేసే కేంద్రం), మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఫీజు కట్టే ముందు థెరపిస్టు ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ చేశారా అని అడగడానికి మొహమాటపడకండి.

మా వాడు ఇప్పుడు చొక్కాకి మూడు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. మెడ దగ్గరిది కనబడదు కాబట్టి ఇంకా కుదరడం లేదు. ఈ వారం బీరువా మీద కాగితంలో అదే ఉంది.