సీజన్ మొదలయ్యేలోపు కొట్టులో రూటరు, కెమెరా పాస్‌వర్డులు మార్చండి

రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల వీడియోలు నెట్‌లో అమ్మకానికి పెట్టారన్న సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. ఆడవాళ్ళను డాక్టర్లు పరీక్ష చేసే గది వీడియోలు. అందులోకి దూరడానికి పెద్ద తెలివేం అక్కర్లేకపోయింది. ఆ కెమెరాల పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని తర్వాత పత్రికల్లో వచ్చింది. చదివిన రోజు నాకు గుండె జారింది. గుంటూరులో నేను రిపేరుకి వెళ్ళే కొట్లలో చాలా చోట్ల ఉన్నది అదే పాస్‌వర్డ్.

సంక్రాంతి అయిపోయింది. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డులోకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వరదలా దిగుతాయి. అప్పుడు కమీషన్ కొట్లలో గుమస్తాలకు టీ తాగే తీరిక ఉండదు. మార్చి ఆఖరుకి లెక్కల టెన్షన్ ఒకటి. ఏదైనా జరిగితే ఆ రోజుల్లోనే జరుగుతుంది, ఎవరూ చూసుకోరు కాబట్టి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఓటీపీ చెప్పొద్దు, లాటరీ మెసేజ్ నమ్మొద్దు లాంటివి రాయను. అవి మీరు ఎవరికి ఫోన్ చేసినా రింగ్ అయ్యే ముందే చాలాకాలం వినిపించాయి.

రెండేళ్ళ కింద మార్చిలో ఒక షావుకారు పొద్దున్నే ఫోన్ చేశాడు. "తమ్ముడూ, టాలీ తెరుచుకోవట్లా. ఫైళ్ళ పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలొచ్చాయి, ఒకసారి రా." టాలీ అంటే కొట్టు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. వెళ్ళాను. హార్డ్ డిస్కు తీద్దామని క్యాబినెట్ మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద ఎర్రగా మిరప దుమ్ము. నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని స్క్రీన్ చూశాను. ఇంగ్లీషులో ఒక ఉత్తరం ఉంది: మీ ఫైళ్ళన్నీ తాళం వేశాం, బిట్‌కాయిన్‌లో డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం. ఏ రైతుకి ఎంత ఇవ్వాలో, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారో, అన్నీ ఆ తాళం వెనకాలే. బ్యాకప్ హార్డ్ డిస్కు లేదా అంటే ఉంది. ఏడాది పొడుగునా ఆ కంప్యూటర్‌కే గుచ్చి ఉంచారు. దానికీ తాళం పడింది.

దారి ఎక్కడ దొరికిందో వెతికాను. రూటర్ పేజీ తెరిస్తే యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. బయటి నుంచి ఆ పేజీ తెరిచే సౌకర్యం ఆన్‌లో ఉంది. లోపల ఒక చిన్న వరస: 3389 నంబరు (దూరం నుంచి కంప్యూటర్ నడపడానికి వాడేది) అడిగితే టాలీ కంప్యూటర్‌కి పంపు అని. ఆ వరస కొట్టువాళ్ళు పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇక కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏమిటంటే, కొట్టు నంబరే. కాటా చీటీలు, పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఇద్దరు గుమస్తాలు నెల రోజులు మళ్ళీ ఎక్కించారు. ఆ నెల రైతులతో పడ్డ మాటలు వేరే.

షావుకారు నన్నడిగిన ప్రశ్న ఒకటే. "మిరపకాయల కొట్టు మీద వాడికేం పగయ్యా?"

పగేం లేదు. ఇక్కడే కాస్త నెట్‌వర్క్ సంగతి తెలియాలి. ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఒక నంబరు ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటారు. పాత పద్ధతి నంబర్లు మొత్తం కలిపినా దాదాపు 430 కోట్లు. మనకి పెద్ద అంకెలా కనిపిస్తుంది కానీ, ఒకే ఒక్క కంప్యూటర్‌తో ఆ అడ్రసులన్నిటి తలుపూ 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని 2013లోనే అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు చేసి చూపించారు. కాబట్టి మీ పేరూ ఊరూ ఎవడికీ అక్కర్లేదు. వరసగా తట్టుకుంటూ పోతాడు, తెరుచుకున్న చోట ఆగుతాడు.

కొట్టులో కంప్యూటర్, ఫోన్లు, కెమెరా డబ్బా (వీడియో రికార్డు చేసే డీవీఆర్) అన్నిటికీ లోపలి నంబర్లుంటాయి, ఎక్కువగా 192.168 తో మొదలయ్యేవి. అవి మన యార్డులో కొట్టు నంబర్ల లాంటివి. లోపల తిరిగేవాళ్ళకే పనికొస్తాయి. బయటికి కనిపించేది ఒక్క నంబరే, అది రూటరుది. రూటరు గేటు దగ్గర వాచ్‌మన్. లోపలివాళ్ళు అడిగిన సరుకు వస్తే పంపిస్తాడు, పిలవకుండా వచ్చినవాణ్ణి ఆపేస్తాడు. పోర్టు అంటే ఏ పని మీద వచ్చాడో చెప్పే నంబరు. తాళం గుర్తున్న వెబ్‌సైట్లకి 443, విండోస్‌ని దూరం నుంచి నడపడానికి 3389, చాలా కెమెరాల వీడియోకి 554. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే "ఈ నంబరు చెప్పినవాణ్ణి ఆపకుండా లోపలికి పంపించు" అని వాచ్‌మన్‌కి ఆర్డరు వేయడం. ఆ ఆర్డర్లు ఎవరు వేయొచ్చు? రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా.

నేను చూసిన కొట్లను ముంచింది ఈ ఒక్కటే: డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోవడం. "మార్చామండీ" అని నాతో చెప్పినవాళ్ళలో ఎక్కువమంది మార్చింది వైఫై పాస్‌వర్డ్. అది వేరు, ఇది వేరు. వైఫై పాస్‌వర్డ్ సిగ్నల్ పట్టుకోవడానికి. అడ్మిన్ పాస్‌వర్డ్ రూటరునే చేతిలోకి తీసుకోవడానికి. మొదటిది మార్చి రెండోది వదిలేస్తే, కొట్టుకి కొత్త తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే.

ఇంకో సంగతి. ఈమధ్య వచ్చే కెమెరా డబ్బాలు మొదట ఆన్ చేయగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటాయి. పెడతారు. ఎవరు? బిగించడానికి వచ్చిన కుర్రాడు. ఏం పెడతాడు? బ్రాడీపేటలో ఇంటికి ఏది పెట్టాడో, అరండల్‌పేటలో ల్యాబుకి ఏది పెట్టాడో, మీ కొట్టుకీ అదే. అతను దొంగ కాదు పాపం, రోజుకి మూడు చోట్ల బిగించాలి, అన్నీ ఎక్కడ గుర్తుంటాయి. కానీ ఆ ఒక్క మాట బయటికి పొక్కితే అతను బిగించిన కెమెరాలన్నీ తెరుచుకున్నట్టే. డబ్బాతో వచ్చిందీ, బిగించినవాడు పెట్టిందీ, రెండూ మీ పాస్‌వర్డులు కావు. మార్చండి.

రూటర్ దగ్గర

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' అని ఇంగ్లీషులో కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే నంబరే రూటరుది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో టైప్ చేస్తే లాగిన్ పేజీ వస్తుంది. పాతవి ఏమిటో రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపలికి వెళ్ళగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి ఈ పేజీ తెరిచే సౌకర్యం, ఆఫ్ చేయండి. యూపీఎన్‌పీ ఆఫ్ చేయండి. అది ఉంటే లోపలి డబ్బాలు మిమ్మల్ని అడక్కుండానే పోర్టులు తెరిపించుకుంటాయి. డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సౌకర్యం, అదీ ఆఫ్. పోర్ట్ ఫార్వార్డింగ్ జాబితాలో మీకు తెలియని వరస ఉంటే ఫోటో తీసుకుని తీసేయండి.

రైతులకీ కొనడానికి వచ్చేవాళ్ళకీ వైఫై ఇవ్వాలంటే గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే ఉంటుంది, అదివ్వండి. టాలీ కంప్యూటర్ ఉన్న వైఫై ఇవ్వకండి.

కెమెరా డబ్బా దగ్గర

2016 అక్టోబర్‌లో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ దాడికి వాడుకున్నది మిరాయ్ అనే పురుగు పట్టిన కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లు. ఆ పురుగు దగ్గరున్న ఆయుధమల్లా ఫ్యాక్టరీ పాస్‌వర్డుల పట్టీ ఒకటి, ఓ అరవై జతలు. అంతే. ఇంత జరిగినా మన డబ్బాల్లో ఇంకా 12345, 888888 కనిపిస్తూనే ఉన్నాయి. మార్చండి. ఫోన్‌లో కెమెరా చూడ్డానికి పోర్టు తెరవక్కర్లేదు, కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి చూడొచ్చు. అలా చూసినా పాస్‌వర్డ్ మాత్రం గట్టిదే ఉండాలి. గల్లాపెట్టె మీదకి తిప్పిన కెమెరా ఉంటే కీబోర్డు కనపడకుండా కాస్త పక్కకి తిప్పండి. ఒక కొట్టులో గుమస్తా పాస్‌వర్డ్ కొట్టడం నేను నా ఫోన్‌లో చూశాను.

తలుపు తెరిచుందో లేదో చూసుకునే పద్ధతి

కొట్టు వైఫైలో ఉండి గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతకండి. మధ్యలో చుక్కలతో నాలుగు గుంపులుగా ఉన్న నంబరు కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ నంబరు బ్రౌజర్‌లో కొట్టండి. రూటరుదో కెమెరాదో లాగిన్ పేజీ వచ్చిందా? ప్రపంచమంతటికీ వస్తోందన్నమాట. రాకపోతే సగం నయం. సగమే, ఎందుకంటే 3389 లాంటివి బ్రౌజర్‌లో కనపడవు. వాటికి రూటర్ జాబితా చూడాల్సిందే. కెమెరాల కోసం నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నంబరు) తీసుకున్నవాళ్ళు ఈ పరీక్ష ఇవాళే చేయండి.

ఇక మిగతావన్నీ ఒక వరసలో చెప్పేస్తాను, నాకూ ఓపిక తగ్గుతోంది.

విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌కి నెట్ వైరు గుచ్చకండి. 2020 జనవరితో దానికి కంపెనీ ఇచ్చే మరమ్మతు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలుగా ఇచ్చేవి 2025 అక్టోబర్ 14న ఆగాయి.

అప్‌డేట్ రాగానే 'తర్వాత' నొక్కకండి. 2017 మేలో వాన్నాక్రై అనే పురుగు వచ్చి మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకి కూడా తాళాలు వేసింది. దానికి విరుగుడు అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది.

క్రాక్ చేసిన టాలీ, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, వద్దు. అది ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎందుకు ఆపమంటోందో ఆలోచించండి.

రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా? వైఫైది కాదు.

సీజన్‌కి తీసుకున్న గుమస్తాకి వేరే లాగిన్ ఇవ్వండి. సీజన్ అయిన రోజే తీసేయండి.

ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ని, ఫోన్‌ని నడిపించే యాప్) పని అయ్యాక తీసేయండి. ఫోన్ చేసి అది ఎక్కించమన్నవాడు బ్యాంకువాడు కాదు.

వాట్సాప్‌లో వచ్చే పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా చివర 'ఏపీకే' అని ఉంటే నొక్కొద్దు, అది పత్రిక కాదు, ఫోన్‌లో దిగే యాప్. పెళ్లికి పిలిచేవాళ్ళు ఫోన్ చేస్తారు.

వెబ్‌సైట్ పక్కన తాళం గుర్తు ఉందని నమ్మకండి. మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు ఎవరూ వినలేరని మాత్రమే దానర్థం. అవతలివాడు దొంగైతే దొంగతోనే గుట్టుగా మాట్లాడుతున్నారు.

బ్యాకప్ తీశాక హార్డ్ డిస్కు పీకేయండి. ఇంటికి పట్టుకెళ్ళండి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

ఫైళ్ళకి తాళం పడిందని తెలిస్తే ముందు నెట్ వైరు లాగండి, వైఫై ఆపండి. డబ్బు కట్టకండి. నో మోర్ రాన్సమ్ సైటులో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా ఉన్నాయి, వెతకండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. భోజనం చేసొచ్చి చేద్దాం అనుకోకండి.

కొత్త పాస్‌వర్డ్ రాసి రూటర్ మీదే అంటించకండి. నోటుపుస్తకంలో రాసి గల్లాపెట్టెలో పెట్టండి.

కెమెరా డబ్బా పాస్‌వర్డ్ మార్చారా? కుర్రాడు పెట్టింది కాదు, మీరు పెట్టింది.

కొత్తగా కెమెరాలు బిగించుకుంటుంటే, అతను నిచ్చెన సర్దుకోకముందే అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చండి, అతను పక్కకి తిరిగి నిలబడి ఉండగా. ఒప్పుకోకపోతే మిగతా డబ్బు ఇవ్వకండి.