స్టెల్లారిస్‌లో నౌకాదళ నిర్మాణం: ఏ తరగతి నౌక, ఏ ఆయుధం, ఎవరి మీదికి

అంతరిక్ష సామ్రాజ్యాన్ని నడిపే కంప్యూటర్ ఆట స్టెల్లారిస్‌లో ప్రతి నౌకాదళానికీ దాని సైనిక బలాన్ని చెప్పే ఒక అంకె ఉంటుంది. కొత్త ఆటగాళ్లలో చాలామంది ఆ అంకెను చూసే యుద్ధానికి దిగుతారు, ఆ అంకెను చూసే వెనకడుగు వేస్తారు. అది నౌకలు కొట్టగల దెబ్బనూ, తట్టుకోగల దెబ్బనూ కలిపి వేసిన లెక్క మాత్రమే. ఎదుటి నౌక దేనితో కాచుకుంటోందో, మన గురి దానికి తగులుతుందో లేదో ఆ లెక్కలో ఉండదు. అందువల్ల నౌకలకు ఆయుధాలూ రక్షణలూ ఎంచుకునే షిప్ డిజైనర్ తెరిచే ముందే ఈ రెండు విషయాలూ తేల్చుకోవాలి. ఏ తరగతి నౌకను కట్టాలన్నది ఆ తర్వాతి మాట.

పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసిన ఈ ఆటలో మొదటి నుంచీ ఉన్న తరగతులు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు, నాలుగు: కార్వెట్, డిస్ట్రాయర్, క్రూయిజర్, బ్యాటిల్‌షిప్. నౌకాదళ సామర్థ్యంలో (సామ్రాజ్యం పోషించగల నౌకల పరిమితిలో) ఇవి వరుసగా 1, 2, 4, 8 చొప్పున చోటు తీసుకుంటాయి. తర్వాతి విస్తరణలతో వచ్చిన టైటాన్‌కు 16 కావాలి. సామర్థ్యం దాటి కట్టినా ఆట అడ్డుకోదు గానీ, నిర్వహణ ఖర్చు పెరుగుతూ పోయి నౌకల నిర్మాణానికి వాడే మిశ్రలోహాల నిల్వను నెమ్మదిగా తినేస్తుంది. కాబట్టి కార్వెట్‌నూ బ్యాటిల్‌షిప్‌నూ ఒకదానితో ఒకటి పోల్చడంలో అర్థం లేదు. ఎనిమిది కార్వెట్లను ఒక బ్యాటిల్‌షిప్‌తో పోల్చి చూడాలి.

ఆ పోలికను తేల్చేది గురి. ఒక ఆయుధం తగిలే అవకాశాన్ని ఆట ఇలా లెక్కిస్తుంది: లక్ష్యపు ఎవేషన్ (దెబ్బ తప్పించుకునే శక్తి) లోంచి ఆయుధపు ట్రాకింగ్ (కదిలే లక్ష్యాన్ని వెంటాడే శక్తి)ను తీసివేసి, మిగిలినదాన్ని ఆయుధపు కచ్చితత్వంలోంచి తగ్గిస్తుంది. తొలిదశ లేజర్‌ను తీసుకుందాం. దాని కచ్చితత్వం 90 శాతం. చిన్న స్లాట్‌లో (ఆయుధం అమర్చే చోటులో) బిగిస్తే ట్రాకింగ్ 50 శాతం, పెద్ద స్లాట్‌లో బిగిస్తే 5 శాతమే. ఎదుట 60 శాతం ఎవేషన్ ఉన్న కార్వెట్ ఉందనుకుంటే, చిన్న లేజర్ తగిలే అవకాశం 80 శాతం కాగా, పెద్ద లేజర్‌ది 35 శాతానికి పడిపోతుంది. థ్రస్టర్లు (నౌకను కదిలించే ఇంజన్లు) మెరుగుపడేకొద్దీ కార్వెట్ ఎవేషన్ 90 శాతం హద్దు దాకా పెరగగలదు. ఆ స్థితిలో అదే పెద్ద లేజర్ 5 శాతం సార్లు మాత్రమే తగులుతుంది. బ్యాటిల్‌షిప్ అంత పెద్దదై ఉండి కూడా కార్వెట్ల గుంపు మధ్య చిక్కుకుని నిస్సహాయంగా మిగలడానికి కారణం ఇదే. ఈ అంకెలు ప్యాచ్ (ఆటకు వచ్చే సవరణ)ను బట్టి కొంత మారుతుంటాయి గనుక, వాటిని కంఠస్థం చేయడం కంటే ఈ తీసివేతను గుర్తుపెట్టుకోవడం మేలు.

ఇక దెబ్బ తగిలాక ఏమవుతుందన్నది రెండో విషయం. ప్రతి నౌకకూ షీల్డ్ (శక్తి తెర), కవచం, హల్ (నౌక శరీరం) అనే మూడు పొరలుంటాయి. కైనెటిక్ ఆయుధాలు (గుండ్లు విసిరే తుపాకులు) షీల్డ్‌ను బాగా కొరుకుతాయి గానీ కవచం ముందు తేలిపోతాయి. శక్తి ఆయుధాలైన లేజర్లు, ప్లాస్మా ఇందుకు పూర్తిగా విరుద్ధం. క్షిపణులు, హ్యాంగర్లలోంచి ఎగిరే చిన్న విమానాలు షీల్డ్‌ను దాటుకుని వెళ్లిపోతాయి. డిస్రప్టర్లయితే షీల్డ్‌నూ కవచాన్నీ కూడా వదిలేసి నేరుగా హల్‌ను తాకుతాయి.

ఎక్కువమంది ఆటగాళ్ల శ్రమ వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. అన్నిటికీ సిద్ధంగా ఉండాలన్న ఆలోచనతో సగం నౌకలకు డిస్రప్టర్లు, మిగతా సగానికి కైనెటిక్ తుపాకులు బిగిస్తారు. చూడటానికి సమతూకంగా కనిపించే ఆ దళంలో ఒక సగం షీల్డ్‌ను కరిగించడంలో కాలం గడుపుతుంటే, రెండో సగం ఆ షీల్డ్ ఉందో లేదో పట్టించుకోకుండా హల్ మీద పని చేస్తుంటుంది. ఒకరి పని మరొకరికి ఏ విధంగానూ కలిసిరాదు. హల్ సున్నాకు చేరితే నౌక పోతుంది, అప్పటిదాకా షీల్డ్ మీద ఖర్చుపెట్టిన ప్రతి గుండూ వ్యర్థమే. కనుక పొరలను దాటే ఆయుధాలను ఎంచుకుంటే దళమంతా వాటితోనే నింపాలి. లేదా కైనెటిక్, శక్తి ఆయుధాలను కలిపి ఒక పొర తర్వాత మరో పొరను చీల్చుకుంటూ పోయే దారినే పూర్తిగా నమ్ముకోవాలి. రెండు దారుల్లో ఏది మంచిదన్నది శత్రువు రక్షణను బట్టి ఉంటుంది గానీ, రెండిటినీ కలపడం మాత్రం దాదాపు ఎప్పుడూ నష్టమే.

ఆట తొలి దశాబ్దాల్లో కార్వెట్లే ఆధారం. త్వరగా తయారవుతాయి, చవక, పైగా హల్ సగానికి పడిపోయాక యుద్ధం నుంచి తప్పించుకుని బతికి బయటపడే అవకాశం పెద్ద నౌకల కంటే వాటికే ఎక్కువ. డిస్ట్రాయర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు, అది సరికాదని నా అభిప్రాయం. మధ్య, చిన్న స్లాట్లతో, యుద్ధంలో నౌక ప్రవర్తించే తీరును నిర్ణయించే పికెట్ కంప్యూటర్‌తో తీర్చిదిద్దిన డిస్ట్రాయర్ కార్వెట్ల పాలిట యముడు. పాయింట్ డిఫెన్స్ బిగిస్తే క్షిపణులను దారిలోనే కూల్చి వెనకనున్న పెద్ద నౌకలను కాపాడుతుంది. శత్రువు క్షిపణులు గానీ విమానాలు గానీ వాడకపోతే మాత్రం ఆ పాయింట్ డిఫెన్స్ స్లాట్లు దండగ, వాటి చోట తుపాకులు పెట్టుకోవడమే తెలివైన పని.

క్రూయిజర్‌ను టార్పెడోలకో హ్యాంగర్లకో కేటాయించడం మంచిది. 2022 చివర్లో వచ్చిన మార్పుల తర్వాత లక్ష్యం ఎంత పెద్దదైతే టార్పెడో దెబ్బ అంత గట్టిగా తగులుతుంది గనుక, శత్రువు బ్యాటిల్‌షిప్‌ల మీద ఆధారపడినప్పుడు టార్పెడో క్రూయిజర్లూ, అదే మార్పుతో వచ్చిన ఫ్రిగేట్లూ (టార్పెడోలు మోసే చిన్న నౌకలు) వాటి ఖరీదుకు మించిన పని చేస్తాయి. బ్యాటిల్‌షిప్ బలమంతా దూరంలో ఉంది. దాని ముందు భాగంలో అతిపెద్ద స్లాట్‌ను, మిగతా భాగాల్లో పెద్ద స్లాట్లను తీసుకుని, ఆర్టిలరీ కంప్యూటర్ పెట్టి వెనక నిలబెట్టాలి. కైనెటిక్ ఆర్టిలరీ వంటి ఆయుధాలకు కనీస దూరం కూడా ఉంటుంది కాబట్టి, శత్రువు దగ్గరికి చొచ్చుకొస్తే అవి మూగబోతాయి. ముందు వరుసలో కొన్ని చిన్న నౌకలు తప్పనిసరి కావడం అందుకే. ఒకే దళంలో అన్ని తరగతులనూ కలిపినప్పుడు దళం మొత్తం అత్యంత నెమ్మదైన నౌక వేగంతోనే కదులుతుందని మరిచిపోకూడదు. సరిహద్దు దాడులకు కార్వెట్లను విడి దళంగా ఉంచుకోవడం వల్ల ఈ ఇబ్బంది తీరుతుంది.

రక్షణ విషయంలో యుద్ధం జరిగే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. షీల్డ్ తనంతట తాను తిరిగి నిండుతుంది. కవచం, హల్ మరమ్మతుకు, ప్రత్యేక పరికరాలు లేకపోతే, స్టార్‌బేస్‌కు రావలసిందే. సొంత స్థావరాలకు దూరంగా సాగే దండయాత్రకు షీల్డ్ వైపు మొగ్గడం అందుకే సమంజసం. కానీ పల్సార్ (వేగంగా తిరిగే ఒక రకం నక్షత్రం) ఉన్న నక్షత్ర వ్యవస్థలో షీల్డ్‌లు పూర్తిగా పనిచేయవు. అలాంటి చోటును కోటగా మార్చుకోదలిస్తే కవచంతో నిండిన నౌకలనూ, కవచాన్ని చీల్చే ఆయుధాలనూ అక్కడ మోహరించాలి. చివరి దశలో వచ్చే సంక్షోభాలు (గెలాక్సీ మీద దండెత్తే బలమైన శత్రువులు) కూడా ఇలాంటి ఎంపికనే కోరతాయి. ప్రెథోరిన్ గుంపుకు షీల్డ్‌లు ఉండవు గనుక వాటి మీద శక్తి ఆయుధాలు రాణిస్తాయి, అవి క్షిపణులు, విమానాలు వాడతాయి గనుక పాయింట్ డిఫెన్స్‌కు అక్కడ విలువ పెరుగుతుంది. అన్‌బిడెన్ ప్రధానంగా షీల్డ్‌ల మీదే ఆధారపడుతుంది కాబట్టి దానికి కైనెటిక్ ఆయుధాలే సరైన మందు.

యుద్ధం ముగిశాక వచ్చే నివేదికను మూసేయకుండా చదవాలి. మన ఒక్కొక్క ఆయుధం షీల్డ్‌కు ఎంత, కవచానికి ఎంత, హల్‌కు ఎంత నష్టం చేసిందో అందులో విడివిడిగా ఉంటుంది. ఒక ఆయుధం దెబ్బంతా కవచం మీదే ఆగిపోయి హల్ దాకా చేరలేదని కనిపిస్తే, మరిన్ని నౌకలు కట్టే ముందు ఆ ఆయుధాన్ని మార్చాలి. డిజైనర్‌లో ఆటోమేటిక్ డిజైన్ల ఎంపికను తీసేసి, సొంత డిజైన్‌ను సవరించి, షిప్‌యార్డ్ ఉన్న స్టార్‌బేస్‌లో దళాన్ని అప్‌గ్రేడ్ చేయించాలి. ఆ పని జరిగినంతసేపూ దళం కదలదు, మిశ్రలోహాలూ ఖర్చవుతాయి. కాబట్టి శత్రువు సంధికి ఒప్పుకున్న వెంటనే, సరిహద్దులు నిశ్శబ్దంగా ఉన్న కాలంలోనే దాన్ని పూర్తి చేసుకోవాలి.