నిజాం నాణేల వేలంపాటకు ముందు జాగ్రత్తలు

పాట మొదలయ్యాక ఆలోచించే వ్యవధి ఉండదు. ముందురోజు ప్రదర్శనలోనే నాణేన్ని చేతిలోకి తీసుకుని చూడండి.

• భూతద్దం, చిన్న తూకం వెంట ఉండాలి. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి సుమారు 11.18 గ్రాములు తూగుతుంది. ఆ బొమ్మ ద్వారంలోని ఉర్దూ అక్షరం గమనించండి: ‘మీమ్’ (م) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ (ع) అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీ అని అనుమానించాలి.

• తళతళలాడుతోందని మురిసిపోవద్దు. తోమిన నాణేనికి విలువ తగ్గుతుంది. ఎన్ని మంచి నాణేలు చింతపండుకు బలయ్యాయో!

• పాడిన ధరపై కమీషన్, జీఎస్టీ పడతాయి. అన్నీ కలిపి మీ హద్దు కాగితంపై రాసుకోండి.

• రసీదు తప్పనిసరి.

• విదేశాల్లో ఉండేవారు మరీ జాగ్రత్త: 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. సొంతంగా దేశం దాటిస్తే నేరం.