పాత చట్టాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రుజువు ఎవరి మీద?

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. ప్రాచీన బాబిలోను రాజు హమ్మురాబి రాతిశాసనంలో 9 నుంచి 13 వరకు ఉన్న నియమాలు చదివి, ఎవరికి ఏ శిక్ష పడుతుందో రాయమన్నాను. "దొంగకు మరణదండన" అని రాసి పుస్తకం మూసేశారా? తప్పేమీ కాదు, నేను అడిగిందే అది. కావాలనే తప్పుదారి పట్టించాను. పాత చట్టం తెరవగానే మన చూపు శిక్ష మీదికే పోతుంది. ఈ రోజు శిక్షను చేత్తో మూసి, మిగిలిన భాగం చదవడం నేర్చుకుందాం. మీ దగ్గర పెన్సిలు ఉండాలి.

బాబిలోను సంగతిని తిరుపతికి తెచ్చుకుందాం. మీ సైకిలు పోయింది. నెల తరువాత గోవిందరాజస్వామి గుడి దగ్గర ఎవరో దాని మీద వెళ్తుంటే పట్టుకున్నారు. "నేను సాక్షుల ముందు డబ్బు ఇచ్చి కొన్నాను" అంటాడు అతను. "అది నాదని తెలిసినవాళ్లను తీసుకొస్తాను" అంటారు మీరు. 9వ నియమం సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. అతను అమ్మినవాడిని, కొన్నప్పుడు ఉన్న సాక్షులను తెస్తాడు. మీరు మీ సాక్షులను తెస్తారు. ఇరుపక్షాల మాటలూ విన్నాక అమ్మినవాడే దొంగ అని తేలుతుంది. వస్తువు మీకు వస్తుంది. కొన్నవాడు తన డబ్బును అమ్మినవాడి ఇంటినుంచి రాబట్టుకుంటాడు.

ఇప్పుడు 10, 11 నియమాలలో "తేకపోతే" అన్న మాట చుట్టూ సున్నా చుట్టండి. కొన్నవాడు అమ్మినవాడిని, సాక్షులను తేకపోతే కొన్నవాడే దొంగ. సొంతదారు సాక్షులను తేకపోతే సొంతదారే అబద్ధాలకోరు, ప్రాణం పోయేది అతనికే. సాక్షులు దూరాన ఉంటే ఆరు నెలల వాయిదా ఇస్తుంది 13వ నియమం. సుమారు 3,750 ఏళ్ల కిందటే వాయిదా ఉందన్నమాట. మన కోర్టులను తిట్టేముందు ఇది కాస్త గుర్తు పెట్టుకోండి. చదువుకునే రోజుల్లో నేను రసీదు లేకుండా ఒక పాత సైకిలు కొన్నాను. అమ్మినవాడి పేరు కూడా అడగలేదు. హమ్మురాబి లెక్కలో నా గతి ఏమిటో మీరే చూసుకోండి.

పద్ధతి ఇంతే. ఏ నియమమైనా చదివేటప్పుడు మూడు ప్రశ్నలు అంచున రాసుకోండి: ఎవరు తేవాలి, ఏమి తేవాలి, తేకపోతే ఏమవుతుంది. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ఆ కాలపు మనుషులను బాగా పట్టిస్తుంది. అదే శాసనంలో 2వ నియమం చూడండి. ఒకడు మరొకడి మీద చేతబడి నేరం మోపి రుజువు చేయలేకపోయాడు. సాక్షి లేడు, కాగితం లేదు. అప్పుడు నింద పడినవాడు నదిలో దూకాలి. మునిగిపోతే అతని ఇల్లు నింద వేసినవాడిది. బతికి బయటపడితే నింద వేసినవాడికి చావు, అతని ఇల్లు వీడికి. మనిషి తేల్చలేనిదాన్ని నదికి అప్పగించారు. (ఈ సంఖ్యలు రాతి మీద లేవు. 1901–02లో ఇరాన్‌లోని సూసాలో రాయి దొరికాక పండితులు వేసుకున్నవి. శాసనంలో వెతికి కంగారు పడకండి.)

మన వైపు వద్దాం. యాజ్ఞవల్క్యస్మృతి అనే పాత ధర్మశాస్త్రంలో, వివాదాల విచారణ గురించి చెప్పే వ్యవహారాధ్యాయంలో ఒక శ్లోకం ఉంది:

ప్రమాణం లిఖితం భుక్తిః సాక్షిణశ్చేతి కీర్తితమ్
ఏషామన్యతమాభావే దివ్యాన్యతమముచ్యతే

లిఖితం అంటే పత్రం. భుక్తి అంటే అనుభవం, అంటే ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందన్నది. తరువాత సాక్షులు. వీటిలో ఏదీ లేనప్పుడే దివ్యం, అంటే తక్కెడ, నిప్పు, నీరు, విషం, కోశతీర్థం (దేవుడి విగ్రహాన్ని కడిగిన నీళ్లు తాగడం) వంటి పరీక్షలు. పెన్సిలు తీసి "అభావే" (లేనప్పుడు) కింద గీత గీయండి. బాబిలోనులో "తేకపోతే" ఏ పని చేసిందో ఇక్కడ ఈ మాట అదే పని చేస్తోంది. మానుష ప్రమాణం, అంటే పత్రం, అనుభవం, సాక్షి, ఉన్నంతవరకు దైవాన్ని పిలవకూడదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాలుగా మార్చి విజ్ఞానేశ్వరీయం రాశాడు. ధర్మశాస్త్రాన్ని తెలుగులో చదవాలన్న కోరిక మనతో మొదలైంది కాదు.

శ్లోకంలో మొదటి మాట దగ్గర ఆగండి. ప్రమాణం. సంస్కృతంలో రుజువు. తెలుగులో? మొన్న చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లే బస్సులో నా ముందు సీట్లో ఒక బావ, బావమరిది కూర్చున్నారు. మామిడితోట బేరానికి ఇచ్చిన అడ్వాన్సు మీద గొడవ. కాగితం లేదు.

"ఇరవై వేలు నీ చేతిలో పెట్టాను బావా."

"పది వేలే ఇచ్చావు. కోనేట్లో మునిగి స్వామి ముందు ప్రమాణం చేస్తాను, సరేనా?"

బావమరిది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గుడి దగ్గర బస్సు దిగేవరకు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

రుజువు దొరకనప్పుడు ఒట్టు పెట్టుకుంటాం. ఆ రెండింటికీ తెలుగులో ఒకటే మాట. యాజ్ఞవల్క్యుడి శ్లోకంలో మొదటి వరుస నుంచి రెండో వరుస దాకా ఉన్న దూరమంతా ఈ ఒక్క మాటలో ఉంది. అందుకే తెలుగు అనువాదాల్లో "ప్రమాణం" కనబడిన ప్రతిసారీ ఇది రుజువా, ఒట్టా అని అడిగి తీరాలి.

కాణిపాకం స్థలపురాణంలో వచ్చే లిఖితుడినీ మరిచిపోకూడదు. మహాభారతం శాంతిపర్వంలో అతను అన్న శంఖుడి ఆశ్రమంలో పండ్లు అడగకుండా తిన్నాడు. తానే రాజు సుద్యుమ్నుడి దగ్గరకు వెళ్లి దొంగనని చెప్పుకుని చేతులు నరికించుకున్నాడు. అన్న చెప్పినట్టు బాహుదా నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి. మన పెన్సిలుకు ఇక్కడ పెద్దగా పని లేదు, ఒప్పుకున్నవాడి విషయంలో రుజువు అక్కర్లేదు కాబట్టి. కానీ తప్పు తెలిసిన అన్న తానే శిక్షించలేదని గమనించండి. దండం రాజుది. దీని సంగతి వచ్చే పాఠంలో.

ఒట్టు కోర్టు గడప దాటలేదనుకుంటున్నారా? 1873 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం కక్షిదారు "ఎదుటివాడు ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని కోర్టులో అనే వీలుండేది. ఎదుటివాడు ఒప్పుకుని అలా ప్రమాణం చేసి చెబితే, సవాలు విసిరినవాడి మీద ఆ మాటే తిరుగులేని రుజువయ్యేది. దాని స్థానంలో 1969లో వచ్చిన చట్టంలో ఈ ఏర్పాటు లేదు. ఇంగ్లండులో మార్పు మరో దారిన వచ్చింది. 1215లో రోమన్ కాథలిక్ చర్చి లాటరన్ మహాసభ నిప్పు, నీటి పరీక్షలలో పురోహితులు పాల్గొనకూడదని నిషేధించింది. మంత్రించేవాడు లేకపోతే పరీక్ష లేదు. ఆ ఖాళీలోకి జ్యూరీ వచ్చింది.

ఇప్పటి మన చట్టానికీ అదే పెన్సిలు పెట్టి చూడండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 104వ సెక్షను సారం ఇది: కొన్ని సంగతులు నిజమంటూ వాటి ఆధారంగా హక్కు గురించో బాధ్యత గురించో తీర్పు కోరేవాడే ఆ సంగతులను రుజువు చేయాలి. 1872 చట్టంలో ఇదే 101వ సెక్షను. "ఎవరు" దొరికింది. "తేకపోతే"? ఓడిపోతాడు, అంతే. నది లేదు, కోనేరు లేదు. పాపం, బస్సులోని బావమరిది!

అభ్యాసం: మళ్లీ హమ్మురాబి, ఈసారి 106, 107. వర్తకుడి దగ్గర వెండి తీసుకున్న ఏజెంటు తీసుకోలేదని బుకాయిస్తే, వర్తకుడు దేవుడి ముందు, సాక్షుల ముందు రుజువు చేయాలి. ఏజెంటు మూడింతలు చెల్లించాలి. ఏజెంటు తిరిగి ఇచ్చిన సొమ్మును వర్తకుడే ముట్టలేదంటే, రుజువయ్యాక వర్తకుడు ఆరింతలు చెల్లించాలి. మూడు ప్రశ్నలూ అంచున రాయండి. తరువాత, వర్తకుడి మీద రెట్టింపు భారం ఎందుకు పడిందో నాలుగు వాక్యాల్లో మీ ఊహ రాయండి. "డబ్బున్నవాడు కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులు ఇవ్వను.